లాగిన్‌లో దుంగ ఎక్కడిది?

ప్రశ్న: మాస్టారూ, ఆఫీసులో రోజూ ‘లాగిన్ అయ్యావా?’ అనే పలకరింపు. డిక్షనరీ చూస్తే లాగ్ అంటే దుంగ అని ఉంది. దుంగకీ కంప్యూటర్‌కీ ఏమిటి సంబంధం?
– ఒక పాఠకురాలు, సఖినేటిపల్లి

జవాబు: సంబంధం ఉందమ్మా. కాకపోతే మధ్యలో సముద్రం దాటాలి.

మీ రేవులో పంటు ఎక్కి నరసాపురం వెళ్లేటప్పుడు వేగం కొలవడానికి పరికరం అక్కర్లేదు, గట్టు కనిపిస్తూనే ఉంటుంది. మా నాన్నగారు కాకినాడ కాలవలో లాంచీ సరంగు. ఎంత జోరుగా పోతున్నామని అడిగితే ‘కడియం దాటాం’ అనేవారు, అంతే. అంతర్వేది దాటి నడిసముద్రంలోకి పోతే కడియం ఎక్కడ?

అందుకని 16వ శతాబ్దం నాటికే ఇంగ్లీషు నావికులు తాడుకి చెక్క కట్టి ఓడ వెనక నీళ్లలో వదిలేవారు. ఆ చెక్కే లాగ్. తర్వాత్తర్వాత దాన్ని పావుచక్రంలా కోసి, నిలువుగా తేలడానికి వంపు అంచున సీసం బిగించారు. చెక్క దాదాపు పడ్డచోటే ఉంటుంది, ఓడ సాగిపోతుంది, తాడు జారుతుంది. తాడుకి 47 అడుగుల 3 అంగుళాలకో ముడి. 28 సెకన్ల ఇసుకగడియారం ఖాళీ అయ్యేలోగా ఎన్ని ముళ్లు జారితే గంటకి అన్ని నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలంటే 1,852 మీటర్లు. లెక్క వేసి చూడండి, చక్కగా సరిపోతుంది. ఓడల వేగం ఇన్ని నాట్లు అంటారే, అవి ఈ ముళ్లే. మన వరినాట్లు కావు!

ఆ వేగం, దిక్కు, గాలి రాసిపెట్టే పుస్తకం లాగ్‌బుక్. పోనుపోను చెక్కని మర్చిపోయారు, పుస్తకంలోకి ఎక్కించడమే లాగ్ అయింది.

ఇక కంప్యూటర్. ఒకే యంత్రాన్ని ఒకేసారి పలువురు వాడుకునే పద్ధతిని అమెరికాలో ఎంఐటీ వాళ్లు 1961లో చూపించారు. యంత్రం ఖరీదైనది, వాడేవాళ్లు ఎక్కువమంది. ఎవరొచ్చారు, ఎంతసేపు వాడారు అనే పద్దు ఉండాల్సిందే. అక్కడ పాత మాట పనికొచ్చింది. పేరూ పాస్‌వర్డూ ఇచ్చి లోపలికొస్తే లాగిన్, వెళ్లిపోతే లాగౌట్. పొద్దున్నే మీరు పెడుతున్నది హాజరుపట్టీలో సంతకమే.

ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త. క్రియ అయితే లాగ్, ఇన్ విడివిడిగా రాయాలి, నామవాచకమైతే కలపాలి. గతకాలానికి ‘లాగిన్డ్’ అని ఈమెయిళ్లలో రాస్తున్నారు, నాకు ఒళ్లు మండుతుంది. ‘లాగ్డ్ ఇన్’ అనాలి. తెలుగులో మాత్రం ‘లాగిన్ అయ్యాను’ అంటే తప్పేం లేదు, నేనూ అలాగే అంటాను.