ట్రంకు పెట్టె ఇచ్చింది దానంగానా, దాచమనా?

ప్రశ్న: మా ఊరి చరిత్ర పరిరక్షణ సంఘం రిజిస్టరైన సొసైటీ. పన్నెండేళ్ల కిందట ఊరి పెద్దాయన ఒకరు తన తండ్రిగారికి వచ్చిన ఉత్తరాలు, కొన్ని తాళపత్రాలు ఉన్న ట్రంకు పెట్టెను మాకు అప్పగించారు. ఇప్పుడాయన లేరు. అమెరికా నుంచి వచ్చిన కొడుకు పెట్టె ఇచ్చేయమంటున్నారు. ఇవ్వాలా? ఆ ఉత్తరాలను పుస్తకంగా వేయొచ్చా?

జవాబు: చరాస్తిని దానమివ్వడానికి కాగితం ఉండి తీరాలనేం లేదు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 123 ప్రకారం దానమిచ్చే ఉద్దేశంతో చేతికి అందిస్తే చాలు. చిక్కల్లా ఆ ఉద్దేశాన్ని రుజువు చేయడంలోనే. దానమంటున్నది మీరు కాబట్టి ఆ భారమూ మీదే. మీరు పంపిన రిజిస్టరు పేజీలో ‘ట్రంకు పెట్టె 1, భద్రపరచుటకు’ అని ఉంది, కింద పెద్దాయన సంతకం. ఆ ఒక్క మాట మీ కొంప ముంచేలా ఉంది! దాచమని ఇచ్చిన వస్తువును అడిగినప్పుడు తిరిగి ఇవ్వాల్సిందే. అప్పటి మినిట్స్ పుస్తకంలో విరాళంగా స్వీకరించినట్టు తీర్మానం ఉందేమో వెతకండి. దొరికితే మీ వాదనకు బలం వస్తుంది.

పన్నెండేళ్లయింది కదా, కాలదోషం పట్టలేదా అని కమిటీలో ఎవరో అనే ఉంటారు. పట్టలేదు. లిమిటేషన్ చట్టం 70వ ఆర్టికల్ ప్రకారం, అడిగాక మీరు ఇవ్వనన్న రోజు నుంచే మూడేళ్ల లెక్క మొదలవుతుంది.

ఇవ్వాల్సి వస్తే కొడుకు ఒక్కడి చేతిలో పెట్టకండి. పెద్దాయన భార్య, కూతుళ్లు ఉంటే వాళ్లూ వారసులే. ఏ కట్టలో ఎన్ని ఆకులో లెక్క రాసి అందరి సంతకాలూ తీసుకోండి. 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతి 1972 నాటి పురావస్తువులు, కళాసంపదల చట్టం కింద పురావస్తువు, దాన్ని సూట్‌కేసులో పెట్టుకుని విమానమెక్కడం నేరమని కూడా ఆయన చెవిన వేయండి. అంతకన్నా ముందు, స్కాన్ కాపీలు ఆయనకిస్తామని, అసలును సంఘానికే దానపత్రం రాసివ్వమని అడిగి చూడండి.

ఇక పుస్తకం. కాగితం అందుకున్నవారిదైనా, అందులోని రాతపై కాపీరైటు రాసినవారిది. పెట్టె దానమని తేలినా, కొడుకు సరేనన్నా ఇది మారదు. పైగా రచయిత బతికుండగా అచ్చుకాని రచనకు 60 ఏళ్ల గడువు మొదటిసారి అచ్చయ్యాకే మొదలవుతుంది. అయితే కాపీరైటు చట్టం సెక్షన్ 52లో ఒక వెసులుబాటుంది. ప్రజలకు ప్రవేశమున్న లైబ్రరీ, మ్యూజియం వంటి చోట ఉన్న అచ్చుకాని రచనను, రాసినవారు పోయి 60 ఏళ్లు దాటితే, ప్రచురించే ఉద్దేశంతో నకలు తీసుకోవచ్చు. కార్యదర్శిగారింటి బీరువా అలాంటి చోటు కిందికి రాదు. ఉత్తరాలను రాసినవారి పేరు, పోయిన ఏడాది ప్రకారం విడదీయండి. 60 ఏళ్లు దాటనివాటికి ఆ రాసినవారి వారసుల అనుమతి రాతపూర్వకంగా తెచ్చుకోండి.