14 అడుగుల అల్యూమినియం పడవ వేగం అందుకోగానే ఎగిరెగిరి పడుతోంది, ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది: వెనక 20 హెచ్‌పీ టిల్లర్ మోటార్ (పిడి చేత్తో పట్టుకుని తిప్పేది), పడవలో మీరొక్కరే. థ్రాటిల్ తిప్పగానే ముక్కు పైకి లేచి ముందు ఏమీ కనబడటం లేదు. వేగం అందుకున్నాక ముందు భాగం లేస్తూ పడుతూ ఉంది. గట్టిగా మలుపు తిప్పితే మోటార్ ఒక్కసారిగా అరిచి నీటి మీద పట్టు వదిలేస్తోంది. డాలస్ దగ్గర లూయిస్‌విల్ లేక్‌లో నేను నడిపేదీ ఇలాంటి పడవే. ఈ మూడూ నేను పడ్డవే. కొత్త ప్రొపెల్లరో, మోటారుకు బిగించే హైడ్రోఫాయిల్ రెక్కలో కొనే ముందు బరువు ఎక్కడ ఉందో చూడండి.

టిల్లర్ పట్టుకోవాలంటే వెనక బెంచీ మీదే కూర్చోవాలి. మోటార్ అక్కడే, పెట్రోల్ ట్యాంకు అక్కడే, చాలామందికి బ్యాటరీ కూడా అక్కడే. 6 గ్యాలన్ల ట్యాంకు నింపితే లోపలి పెట్రోలే దాదాపు 36 పౌండ్లు. ఇంత తేలిక పడవకి అది చిన్న బరువు కాదు. నేను బ్యాటరీని ముందు బెంచీ కిందికి, ట్యాంకుని నడిమి బెంచీ దగ్గరికి జరిపాను. ముక్కు లేవడం అక్కడే సగానికి సగం తగ్గింది. ఆ బ్యాటరీతోనే మోటార్ స్టార్ట్ అయ్యేట్టయితే, పొడుగు పెరిగినందుకు కేబుల్ మందంగా ఉన్నది వేయాలి. ఆ తర్వాత టిల్లర్‌కి ఎక్స్‌టెన్షన్ తగిలించి నేనూ కాస్త ముందుకు జరిగాను. ఇక్కడ ఒక్క జాగ్రత్త, దయచేసి వదిలేయకండి. ముందుకు జరిగితే కిల్ స్విచ్ తాడు (ఒంటికి తగిలించుకునేది, లాగితే మోటార్ ఆగిపోతుంది) అందదు. అందలేదని తీసి పక్కన పెట్టకండి, పొడుగుది కొనుక్కోండి. ఒంటరిగా నడిపేవాళ్లు నీళ్లలో పడితే పడవ ఆగేది దాంతోనే. 26 అడుగుల లోపు పడవల్లో వేగంగా వెళ్లేటప్పుడు అది తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ నుంచి అమెరికాలో ఫెడరల్ చట్టం కూడా ఉంది.

బరువు సర్దాక కూడా ఎగరడం ఆగకపోతే మోటార్ వాలు చూడండి. బ్రాకెట్‌లో వరసగా రంధ్రాలు, వాటిలో ఒక పిన్ను ఉంటాయి. పిన్నుని పడవ వైపుకి ఒక్క రంధ్రం జరిపి, గాలి లేని పొద్దున పూట నడిపి చూడండి. ఎక్కువ జరిపితే ముక్కు నీళ్లలోకి దిగబడి స్టీరింగ్ బరువెక్కుతుంది, కాబట్టి ఒక్కొక్కటిగానే.

మలుపులో అరుపు వేరే సంగతి. ప్రొపెల్లర్ పైనుంచి గాలి లాక్కుంటోందన్నమాట. దాని పైన అడ్డంగా ఉండే పలక పడవ అడుగు భాగంతో దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. బాగా పైకి ఉంటే మోటార్ దించండి. వెనక గోడ 20 అంగుళాల ఎత్తుండి మోటార్ 15 అంగుళాల షార్ట్ షాఫ్ట్‌ది (నీళ్లలోకి దిగే కాడ పొట్టిది) అయితే మాత్రం దించడానికి చోటుండదు, లాంగ్ షాఫ్ట్ మోటారే పెట్టాలి. ఎత్తు సరిగ్గానే ఉంటే ఫిష్ ఫైండర్ ట్రాన్స్‌డ్యూసర్ (చేపల్ని చూపే పరికరానికి నీళ్లలో ఉండే సెన్సర్) ఎక్కడుందో చూడండి. నా పడవలో అది సరిగ్గా ప్రొపెల్లర్‌కి ఎదురుగా ఉండి బుడగల్ని దాని మీదికే పంపేది. అడుగున్నర పక్కకి జరిపాక అరుపు పోయింది.

పడవ పాతదైతే ఇంకో రెండు చూడాలి. నేల కింద పడవ తేలడానికి పెట్టే ఫోమ్ నీళ్లు పీల్చుకుని ఉంటే పైన ఎంత సర్దినా బరువు తగ్గదు. వెనక నీళ్లు పోయే రంధ్రానికి ఉండే బిరడా (డ్రెయిన్ ప్లగ్) తీసి, ట్రెయిలర్ ముందు వైపు ఎత్తిపెట్టి రాత్రంతా వదిలేయండి. మర్నాటికీ కారుతూనే ఉంటే నేల విప్పక తప్పదు. రెండోది, పడవ అడుగున వెనక నాలుగైదు అడుగుల మేర తిన్నని బద్ద పెట్టి చూడండి. రేకు కిందికి ఉబ్బి ఉంటే ఎగరడానికి కారణం అదే. దాన్ని ఇంట్లో సుత్తితో సరిచేయాలని చూడకండి, రివెట్లు వదులై లీకులు మొదలవుతాయి. అల్యూమినియం పని తెలిసినవాళ్లకి చూపించండి.