డిబుకేన్ ప్రాజెక్టా, అమీర్‌పేట కోర్సా?

ప్రశ్న: మా అమ్మాయి ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ రెండో ఏడు. డిబుకేన్ అనే లోకల్ అనస్థీషియా మందు వల్ల కణాల్లో కొవ్వు పేరుకోవడంపై ప్రాజెక్టు తీసుకుంది. అది మానేసి అమీర్‌పేటలో ఫార్మకోవిజిలెన్స్ (మందుల దుష్ప్రభావాలను నమోదు చేసి గమనించే పని) కోర్సులో చేరితే త్వరగా ఉద్యోగం వస్తుందంటున్నారు. ఏది మేలు?
- ఒక తండ్రి, కూకట్‌పల్లి

జవాబు: ప్రాజెక్టు మానేస్తే డిగ్రీయే ఆగిపోతుందండీ. చివరి ఏడాదిలో ప్రధానంగా ఉండేది పరిశోధనే. ఈ సంగతి మీకు చెప్పిన పెద్దమనుషులకు తెలియకపోవచ్చు, మీరైనా అమ్మాయిని అడగాల్సింది. మీ అసలు దిగులు ఈ టాపిక్‌తో కూడు దొరుకుతుందా అని కదా? దొరుకుతుంది, కాకపోతే డిబుకేన్ పేరు చూసి కాదు, పని చూసి.

డిబుకేన్ లాంటి మందులు లైసోజోమ్‌లోని (కణంలో చెత్తను జీర్ణం చేసే సంచిలోని) ఆమ్లంలో ధనావేశం పొంది అక్కడే చిక్కుకుపోతాయి. ఫాస్ఫోలిపిడ్లను, అంటే కణాల పొరల్లో ఉండే కొవ్వులను విరగ్గొట్టే ఎంజైమ్ మందగించి, అవి పొరలు పొరలుగా పేరుకుంటాయి. దీన్నే ఫాస్ఫోలిపిడోసిస్ అంటారు. గుండె లయ మందు అమియోడరోన్, మలేరియా మందు క్లోరోక్విన్‌లదీ ఇదే తీరు. కొవిడ్‌పై సెల్ కల్చర్‌లో (ల్యాబ్‌లో పెంచిన కణాల్లో) పనిచేసినట్టు కనిపించిన పాత మందుల్లో చాలావాటి వెనుక ఉన్నది ఇదేనని 2021లో 'సైన్స్' పత్రికలో ఒక అధ్యయనం వచ్చింది. కొత్త మందులో ఈ గుణాన్ని ముందే పట్టుకోవడం టాక్సికాలజీ (మందుల విషప్రభావాలను పరీక్షించే శాఖ) వాళ్ల పనిలో భాగం.

ఇంటర్వ్యూలో అడిగేది ఇలా ఉంటుంది: కణాలు చావని మోతాదును ముందే ఎంటీటీతో (కణాలు బతికున్నాయో లేదో చూపే పరీక్షతో) తేల్చావా? అమియోడరోన్‌ను పాజిటివ్ కంట్రోల్‌గా (ఫలితం తప్పక వస్తుందని తెలిసిన పోలికగా) పెట్టావా? ఆయిల్ రెడ్ ఓ అనే రంగు చూపేది ట్రైగ్లిసరైడ్ల లాంటి తటస్థ కొవ్వులనే. ఫాస్ఫోలిపిడ్లకైతే వాటికోసమే ఉన్న ఫ్లోరసెంట్ డైని మందుతోపాటే బతికున్న కణాలకు ఇచ్చి, ఆ తర్వాత పారాఫార్మాల్డిహైడ్‌తో ఫిక్స్ చేయాలి, అంటే కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపేయాలి. మెథనాల్ వాడినా, ట్రైటాన్ అనే డిటర్జెంట్‌తో కడిగినా కొవ్వు కొట్టుకుపోతుంది, ఫలితం లేదనుకుని నెల వృథా చేసుకుంటారు. మందును కరిగించే డీఎంఎస్ఓ ప్లేట్‌లోని అన్ని వెల్స్‌లో (చిన్న గుంటల్లో) ఒకే శాతం ఉండాలి, 0.5 శాతం దాటకూడదు. 96 వెల్స్ ప్లేట్‌లో అంచు వెల్స్ ఆరిపోతాయి, వాటిలో మీడియం (కణాలకు పోసే పోషక ద్రవం) మాత్రమే పోసి వదిలేయాలి. ఇవన్నీ తడుముకోకుండా చెప్పే పిల్లను హైదరాబాద్ దగ్గరి బయోటెక్ పారిశ్రామిక ప్రాంతం జీనోమ్ వ్యాలీలోని టాక్సికాలజీ ల్యాబ్‌లు తేలిగ్గా వదులుకోవు.

ఇక ఆ కోర్సు. ఫార్మకోవిజిలెన్స్ మంచి ఉద్యోగమే, కోర్సు మీదే నా అనుమానం. కేసు ఎంట్రీ (దుష్ప్రభావం వివరాలు నమోదు చేయడం), మెడ్‌డ్రా కోడింగ్ (వాటికి ప్రామాణిక వైద్య పదాలు కేటాయించడం), నెరేటివ్ (కేసు కథనం) రాయడం ఎలాగూ కంపెనీలో చేరాక నేర్పుతారు. పైగా ఆటోమేషన్ ముందుగా తినేది కేసు ఎంట్రీనే. 'నూరు శాతం ప్లేస్‌మెంట్' బోర్డు చూసి ఫీజు కట్టేయకండి. పోయిన బ్యాచ్ ఆఫర్ లెటర్లు చూపమనండి, జీతం అంకెతో సహా. కావాలంటే థీసిస్ ఇచ్చాక చేరవచ్చు, కోర్సు ఎక్కడికీ పోదు.

పీహెచ్‌డీ అంటే ఖర్చని భయపడకండి. జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) అదనం. రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ తార్నాకలోనే ఉంది, కణ, అణు జీవశాస్త్ర సంస్థ సీసీఎంబీ హబ్సిగూడలో. మీ అమ్మాయి ఇల్లు కూడా మారనక్కర్లేదు. ఒకటి మాత్రం మానండి: ఆలస్యంగా వచ్చిన రోజు గుమ్మంలోనే 'ఇంకెన్నాళ్లు' అని నిలదీయడం. 48 గంటల ప్రయోగం సాయంత్రం అయిదింటికి ఆగదు.

అమ్మాయికి నా మాటగా ఒకటి చెప్పండి. గైడ్‌ను అడిగి లిడోకేన్ అనే మరో లోకల్ అనస్థీషియా మందు కూడా తెప్పించుకుని అదే ప్లేట్‌లో పెట్టమనండి. పీకేఏ (మందు క్షార గుణాన్ని చెప్పే అంకె) స్క్వేర్, సీలాగ్‌పీ (కొవ్వులో కరిగే గుణాన్ని చెప్పే అంకె) స్క్వేర్ కూడితే వచ్చేది 90 దాటితే ఫాస్ఫోలిపిడోసిస్ అవకాశం ఎక్కువని లెక్క; డిబుకేన్ దాటుతుంది, లిడోకేన్ దాటదు. రెండూ పక్కపక్కన ఉంటే థీసిస్‌కు పోలిక దొరుకుతుంది, వైవాలో ప్రశ్నలు సగం తగ్గుతాయి.