కొహిమా డీసీ బంగళా: మ్యాప్ శ్మశానానికే తీసుకెళ్తోంటే

నాగాలాండ్‌లోని కొహిమాలో డీసీ బంగళా కోసం మ్యాప్ పెడితే యుద్ధ శ్మశానానికే తీసుకెళ్తోందా? మ్యాప్ తప్పు కాదండీ. మీరు వెతుకుతున్న బంగళా ఇప్పుడు లేదు. డిప్యూటీ కమిషనర్ చార్లెస్ పాసీ ఉన్న ఆ ఇల్లు రెండో ప్రపంచ యుద్ధంలో, బ్రిటిష్-ఇండియా సైన్యానికీ జపాన్ సైన్యానికీ మధ్య 1944 ఏప్రిల్, మే పోరులో నేలమట్టమైంది. గారిసన్ హిల్ మీద ఆ స్థలమే ఇప్పటి యుద్ధ శ్మశానవాటిక.

చాలామంది పొరబడేది ఇక్కడే: గేటు దగ్గర సెకండ్ డివిజన్ (ఇక్కడ పోరాడిన బ్రిటిష్ సేనా విభాగం) స్మారకం ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. బంగళా ఆనవాలు పైన ఉంది.

1. గేటు నుంచి మెట్టు మెట్టుగా పైకి ఎక్కండి.
2. గడ్డిలో తెల్లటి కాంక్రీటు గీతలు కనబడేదాకా ఆగకండి. అదే బంగళా టెన్నిస్ కోర్టు. కోర్టు పొడవు 78 అడుగులేగా, అటొకరు ఇటొకరు కందకాల్లో ఉండి చేత్తోనే గ్రెనేడ్లు విసురుకున్నారు. మే 13న ట్యాంకును కోర్టులోకి దింపాకే జపాన్ సైన్యం బంకర్లు బ్రిటిష్ సైన్యానికి చేజిక్కాయి.
3. పక్కనే చెర్రీ చెట్టు. జపాన్ స్నైపర్లు వాడుకున్న పాత చెట్టు మోడు నుంచి చిగురించింది; చిన్న ఫలకం ఉంటుంది.

మన సైనికుల పేర్లు కావాలంటే సమాధుల్లో మాత్రమే వెతికి ఆగకండి. దహనం చేసిన 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లు అన్నిటికంటే పైనున్న స్మారకం మీద ఉన్నాయి.

కొహిమాకి వెళ్లేందుకు దిమాపూర్‌లో రైలు దిగేముందే ఇన్నర్ లైన్ పర్మిట్ (బయటి రాష్ట్రాలవాళ్లు నాగాలాండ్‌లోకి వెళ్లడానికి కావలసిన అనుమతి) ఆన్‌లైన్‌లో తీసుకోండి.