వైజాగ్ టికెట్ కంటే ముందు కార్డు బాకీ

ప్రశ్న: మాది హైదరాబాద్, నిజాంపేట. మావారు ప్రైవేటు కంపెనీలో చేస్తారు, నేను ఇంట్లో ట్యూషన్లు చెబుతాను. ఇద్దరిదీ కలిపి నెలకు 58,000 చేతికొస్తుంది. అద్దె, ఫీజులు, సరుకులు, మందులు, కార్డుకి కట్టేది పోను 7,000 దాకా మిగులుతుంది. లక్ష రూపాయల ఎఫ్‌డీ ఒకటి ఉంది. క్రెడిట్ కార్డు మీద 18,000 బాకీ ఉంది. పెట్రోలు, చిల్లర ఖర్చులు దాని మీదే. నెలకు 2,500 కడుతున్నా ఏడాదిగా బాకీ అంతే ఉంటోంది. మా అత్తయ్యకు 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆవిడ ఇంతవరకూ సముద్రం చూడలేదు. ఆవిడనూ, ఏడేళ్ల మా బాబునూ తీసుకుని ఒక శని, ఆదివారాలు వైజాగ్ వెళ్లి రావాలని ఉంది. ఒక ట్రావెల్ యాప్‌లో విమానం, హోటల్ కలిపి నలుగురికి 46,000, తొమ్మిది నెలల నో కాస్ట్ ఈఎంఐ అంటున్నారు. తీసుకోవచ్చా? లేకపోతే ఎఫ్‌డీ తీసేయమంటారా?

జవాబు: అత్తయ్యగారిని తప్పకుండా తీసుకెళ్లండి. 66 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు అంటున్నారు కాబట్టి దీన్ని ‘చూద్దాంలే’ అని వాయిదా వేయకండి. నాలుగు నెలల్లో వెళ్లి రావచ్చు, అప్పు లేకుండానే. ఎఫ్‌డీని కూడా ముట్టుకోవాలి. అయితే ప్రయాణం కోసం కాదు, ఆ కార్డు కోసం.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది 46,000 కాదు, 18,000. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు 3 నుంచి 3.75 శాతం దాకా ఉంటుంది. మీది 3.5 శాతం అనుకుందాం. 18,000 మీద నెల వడ్డీ 630, దాని మీద 18 శాతం జీఎస్టీ 113. మొత్తం 743 రూపాయలు. మీరు కట్టే 2,500లో ఇది పోతే బాకీలో తగ్గేది సుమారు 1,750. అదే నెలలో పెట్రోలుకీ చిల్లరకీ మళ్లీ అంతే గీకుతున్నారు. అందుకే ఏడాదిగా అంకె కదలడం లేదు. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పాత బాకీ పూర్తిగా తీరనంతవరకు కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ ఆ రోజు నుంచే వడ్డీ పడుతుంది. బిల్లు కట్టాల్సిన ఆఖరు తేదీ దాకా వడ్డీ లేని గడువు మీకు లేనట్టే. ఈసారి స్టేట్‌మెంట్ వస్తే చివరి పేజీ దాకా వెళ్లి ‘ఫైనాన్స్ చార్జెస్’ అన్న వరుస చూడండి. ఏడాదికి అది 9,000 దాకా తేలుతుంది. మీ నలుగురి రాకపోకల రైలు చార్జీలో చాలా భాగం ఊరికే బ్యాంకుకి పోతోంది.

అటు ఎఫ్‌డీ 6.5 శాతం ఇస్తోందనుకున్నా, అందులోని 18,000కి నెలకు వచ్చేది వంద రూపాయల లోపే. వంద రావడం కోసం 743 కట్టుకుంటున్నారు. కాబట్టి ఈ వారమే బ్యాంకుకి వెళ్లి, కొంత మొత్తం మాత్రమే తీసుకునే వీలుందేమో అడగండి. లేదంటే ఎఫ్‌డీ రద్దు చేసి, 18,000 కార్డుకి కట్టి, మిగిలిన 82,000 మళ్లీ డిపాజిట్ చేయండి. ముందే తీసినందుకు వడ్డీలో అర శాతమో ఒక శాతమో కోస్తారు, అది కార్డు వడ్డీ ముందు లెక్కలోకి రాదు. తర్వాత కార్డుని కొన్నాళ్లు బీరువాలో పెట్టండి. పెట్రోలు, చిల్లర కోసం ఆ 1,750 చేతి నుంచే ఖర్చు పెట్టండి. మీకు నిజంగా కొత్తగా మిగిలేది వడ్డీ డబ్బు 743 మాత్రమే. మొత్తం 2,500 మిగిలిందనుకుంటే మళ్లీ అదే చోటికి వస్తారు.

ఇక ఆ ఈఎంఐ. ‘నో కాస్ట్’ అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తం ధరలో తగ్గింపుగా చూపిస్తారు. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ నెత్తినే పడతాయి. ఈఎంఐ లేకుండా కొంటే దొరికే తగ్గింపు చేజారవచ్చు కూడా. అవన్నీ పక్కన పెట్టినా నెలకు 5,111 కట్టాలి. మీకు మిగిలే 7,000లో ఇక చేతిలో 1,900 కూడా ఉండదు. ఆ తొమ్మిది నెలల్లో ఒక్కసారి బాబుకి జ్వరం వచ్చి ఆసుపత్రికి వెళ్లినా మళ్లీ కార్డు బయటికి తీస్తారు. రెండు రోజుల ప్రయాణానికి తొమ్మిది నెలల వాయిదా వద్దు.

ప్యాకేజీ లేకుండా ఎంతవుతుందో చూద్దాం. శుక్రవారం సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లాంటి రైలెక్కితే తెల్లవారేసరికి విశాఖలో దిగుతారు. ఆదివారం సాయంత్రం అక్కడ ఎక్కితే సోమవారం పొద్దున్నే ఇంట్లో ఉంటారు. మీవారికి సెలవు కూడా అక్కర్లేదు అనిపించవచ్చు, అయినా సోమవారం ఒక పూట అడిగి పెట్టుకోమనండి. థర్డ్ ఏసీకి మనిషికి 1,300 చొప్పున వేసుకుంటే నలుగురికి రానూపోనూ 10,400. బాబుకి సగం టికెట్ తీసుకోవచ్చు, కానీ 5 నుంచి 12 ఏళ్ల పిల్లలకు సగం టికెట్ అంటే బెర్తు ఉండదు. రాత్రి ప్రయాణం కదా, పూర్తి టికెట్టే తీసుకోండి. వృద్ధులకు రైల్వే ఇచ్చే రాయితీ 2020 మార్చిలో ఆగిపోయింది, దాన్ని లెక్కలో వేసుకోవద్దు. అత్తయ్యగారి వయసు మాత్రం సరిగ్గా నమోదు చేసి కింది బెర్తు అడగండి. ఆ మోకాళ్లతో పైకెక్కడం కుదరదు.

గదుల దగ్గర చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. మీరు దిగేది తెల్లవారుజామున, చాలా హోటళ్లలో చెక్ ఇన్ మధ్యాహ్నం 12కి. ఆ ఆరు గంటల కోసం ఇంకో రోజు అద్దె అడుగుతారు. 24 గంటల చెక్ అవుట్ ఉన్న చోటు చూసుకోండి, లేదా ముందుగా వస్తే ఎంత అదనమో ఫోన్ చేసి కనుక్కోండి. రెండు గదులు ఒక రాత్రికి 5,000, ముందుగా దిగడానికి 1,500 ఉంచుకోండి. రోజుకు 7,500 దాకా అద్దె ఉన్న గదులకు జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. బిల్లులో చూసుకోండి. ఆదివారం గది ఖాళీ చేశాక సామాను స్టేషన్ క్లోక్ రూములో పెట్టేయవచ్చు. తిండికి 4,000, ఆటోలకీ క్యాబ్‌లకీ 3,500, ప్రవేశ టికెట్లకు 1,000, అనుకోని ఖర్చుకి 2,600. అన్నీ కలిపి 28,000. మీ నాలుగు నెలల మిగులుకి సరిగ్గా సరిపోతుంది.

ఈ అంచనా నిలవాలంటే ఒకటి మానుకోవాలి: అరకు. వైజాగ్ అనగానే అందరూ అరకు కలుపుతారు. విశాఖ నుంచి 115 కిలోమీటర్ల పైమాటే, ఘాట్ రోడ్డు, కారు అద్దె. ఉన్న రెండు రోజుల్లో ఒకటి బండిలోనే గడిచిపోతుంది. అత్తయ్యగారు చూడాలనుకున్నది సముద్రం. ఆవిడని ఆర్కే బీచ్‌లో కావలసినంతసేపు కూర్చోబెట్టండి, అక్కడ అలల్లోకి మాత్రం ఎవరూ దిగకండి, లాగేస్తాయి. ఆ ఒడ్డునే కురుసుర జలాంతర్గామి ఉంది. లోపల దారి సన్నం, ఒక అర నుంచి ఇంకో అరలోకి గుండ్రటి ద్వారంలోంచి వంగి కాలు ఎత్తి దాటాలి. బాబుకి పండగ, ఆవిడకు కష్టం. మీలో ఒకరు వాడితో లోపలికి వెళ్లండి, ఒకరు ఆవిడ దగ్గర ఉండండి. ఆదివారం పొద్దున సింహాచలం పెట్టుకోండి, కొండపైకి వాహనం వెళ్తుంది.

భీమిలి దాకా బీచ్ రోడ్డు చాలా బాగుంటుంది, సిటీ బస్సులో కూడా వెళ్లవచ్చు. ఏపీలో 2025 ఆగస్టు 15 నుంచి మహిళలకు ఉచిత బస్సు ఉంది కానీ అది ఆ రాష్ట్రం గుర్తింపు కార్డు ఉన్నవాళ్లకే. తెలంగాణ ఆధార్‌తో మీరూ అత్తయ్యగారూ టికెట్ తీసుకోవాల్సిందే.

నెలకు 7,000 దాచడానికి వేరే పొదుపు ఖాతా చాలు, జీతం పడిన రోజే అందులోకి పంపేయండి. ఆర్‌డీ (నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్) అక్కర్లేదు. నాలుగు నెలలకు వచ్చే వడ్డీ మూడు నాలుగు వందలే, పైగా మీకు డబ్బు రెండు విడతల్లో కావాలి. రైలు టికెట్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు. అంటే రెండో నెల ఆఖరున, మీ చేతిలో 14,000 ఉన్నప్పుడు, టికెట్లు కొనాలి. తిరుగు టికెట్లు రెండు రోజులు ఆలస్యంగా తెరుచుకుంటాయి, ఆ రోజు కూడా పొద్దున 8 గంటలకే కూర్చోండి. తత్కాల్ మీద ఆధారపడకండి. కన్ఫర్మ్ అయిన తత్కాల్ టికెట్ రద్దు చేస్తే డబ్బు రాదు. మీ ప్రయాణం అక్టోబరు, నవంబరుల్లో పడితే ఉచితంగా రద్దు చేసుకోగల గదే తీసుకోండి, వంద రెండొందలు ఎక్కువైనా సరే. బంగాళాఖాతంలో తుపాన్లు వచ్చే రోజులవి, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ మీదే తీరం దాటింది.

మీవారి జీతం స్లిప్పులో ఎల్‌టీఏ (సెలవు ప్రయాణ భత్యం) ఉందేమో చూడమనండి, దాని మీద పన్ను మినహాయింపు దొరుకుతుంది. పాత పన్ను విధానంలో ఉంటేనే ఉపయోగం, అదీ ప్రయాణ చార్జీకే, గదికీ తిండికీ వర్తించదు. ఆయన మీద ఆధారపడిన తల్లి చార్జీ కూడా కలుస్తుంది. ఆ పని ఉంటే రైలు టికెట్లు జాగ్రత్త చేయండి. దీనికోసమే విధానం మార్చుకోవడం మాత్రం లాభం కాదు.

తిరిగొచ్చాక అయిదో నెల నుంచి 7,000కి ఆ 743 కలిపి డిపాజిట్‌కి పంపండి. మొదటి నాలుగు నెలలు దాచిన 743లు మూడు వేల దాకా ఉంటాయి కాబట్టి, ఆరో నెల ఆఖరుకు ఎఫ్‌డీ మళ్లీ లక్ష అవుతుంది. ఆ ప్యాకేజీ తీసుకుని ఉంటే అప్పటికి ఇంకా మూడు వాయిదాలు మిగిలి ఉండేవి, కార్డు బాకీ 18,000 అలాగే ఉండేది.