ఇన్‌హేలర్ మాత్రం పర్సులోనే ఉంచుకో

చిట్టితల్లికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఉబ్బసానికి తమిళుల పాతకాలపు వైద్యమైన సిద్ధలో మందు వాడదామనుకుంటున్నానని, ఇన్‌హేలర్ ఎప్పుడు మానేయొచ్చని అడిగావు. ముందు ఆ రెండోదానికే జవాబు చెబుతాను. నీ అంతట నువ్వు మానొద్దు.

చెన్నై పక్కన తాంబరం వచ్చిన కొత్తలో నేను ఆ తప్పే చేశాను. ఎవరో చెబితే ఒకాయన దగ్గర చీటీ కూడా లేని నల్లపొడి పొట్లాలు తెచ్చుకున్నాను. పది రోజుల్లో ఆయాసం చేత్తో తీసేసినట్టు పోయింది. ఇన్‌హేలర్ బీరువాలో పడేశాను. నెల తిరక్కుండా మొహం ఉబ్బింది. పొడి అయిపోయాక ఒక అర్ధరాత్రి, మంచం మీద మోకాళ్ళకు చేతులు ఆనించి కూర్చుని, మీ పెదనాన్నను పిలుద్దామన్నా గొంతు రాలేదు. అలాంటి పొడుల్లో స్టీరాయిడ్ కలిపేవాళ్ళుంటారని ఆస్పత్రిలో డాక్టరు చెబితేనే తెలిసింది.

సిద్ధ వైద్యం మీద నాకు నమ్మకం పోలేదు. తప్పు ఆ వైద్యానిది కాదు కదా. ఇక్కడి తాంబరం శానిటోరియం అనే పేటలో జాతీయ సిద్ధ వైద్య సంస్థ 2005లో మొదలైంది. డిగ్రీ చదివిన వైద్యులుంటారు. ఉబ్బసాన్ని వీళ్ళు సువాసకాసం అంటారు. నాడి, నాలుక, కళ్ళు, మాట తీరు, ఇలా ఎనిమిది రకాలుగా చూసి గానీ మందు రాయరు. నువ్వు వాడే ఇంగ్లీషు మందులన్నీ దాచకుండా చెప్పు. సెందూరాలనే ఎర్ర పొడుల లాంటి కొన్ని మందుల్లో పాదరసం ఉంటుంది కాబట్టి, పక్కింటావిడకు రాసింది నువ్వు వేసుకోవద్దు.

ఈ వైద్యంలో వాడే ఆడాతోడై అంటే మన అడ్డసరమే. దగ్గు మందుల్లోని బ్రోమ్‌హెక్సిన్‌కు మూలం ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థమే. కఫాన్ని పలచబరుస్తుంది. అయితే కడుపుతో ఉన్నప్పుడు ముట్టుకోకూడదు. నీకు కొత్తగా పెళ్ళయింది, డాక్టరుకు ఆ మాట ముందే చెప్పు.

ఇంట్లో చేసుకోదగ్గది తూదువళై చారు. మన వైపు ఉచ్చింతాకు అంటారే, అదే. ఆకు తిరగేస్తే ఈనె మీద కొక్కేల్లాంటి చిన్న ముళ్ళుంటాయి. కత్తెరతో ఒక్కొక్కటీ తీసెయ్, తొందరపడితే గొంతులో గుచ్చుకుంటుంది. గుప్పెడాకు నేతిలో వాడేదాకా వేయించి, మిరియాలు, జీలకర్ర, రెండు వెల్లుల్లి రెబ్బలతో నూరి పల్చటి చింతపండు రసంలో కలిపి ఒక్క పొంగు రానివ్వు. కాస్త చేదుగా ఉంటుంది. వేడన్నంలో బాగుంటుంది. గొంతుకు హాయినిస్తుంది. అంతేగానీ, ఆయాసం ఎక్కినప్పుడు దీన్ని నమ్ముకుని కూర్చోకు. అప్పుడు ఇన్‌హేలరే. దానికీ తగ్గకపోతే వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి.

నాకు ఇన్‌హేలర్ డోసు తగ్గింది నిజమే. కానీ ఛాతీ డాక్టరు ఊదించి చూసి, మెల్లగా తగ్గించారు.

వచ్చేటప్పుడు డాక్టర్లు రాసిన పాత మందుల చీటీలన్నీ తెచ్చుకో. పెరట్లో తూదువళై తీగ గోడెక్కింది, కొమ్మ విరిచి ఇస్తాను. కుండీలో గుచ్చితే బతుకుతుంది.

మీ పెద్దమ్మ