జాజ్ వాయించిన మిత్రుడు పోయారు. ఆయన టేపులు నా దగ్గరున్నాయి, ఏం చేయాలి?

మీ మిత్రుడు శాక్సఫోన్ వాయించేవారనీ, ఇంట్లోవాళ్లు ఆయన క్యాసెట్లు, కొన్ని టేపు రీళ్లు, ట్యూన్లు రాసుకున్న నోట్ పుస్తకాలు మీకు అప్పగించారనీ, సంస్మరణ సభలో కొన్ని వినిపించాలనుకుంటున్నారనీ రాశారు. సభకు రెండు మూడు ట్యూన్లు చాలు. మిగతావి నిదానంగా చేయండి, తొందరపడితేనే టేపులు పాడవుతాయి.

ముందు దేన్నీ ప్లే చేయొద్దు. ప్రతి క్యాసెట్ పైఅంచున ఉండే రెండు ట్యాబ్‌లూ విరిచేయండి, పొరపాటున దాని మీద ఇంకేదీ రికార్డవదు. డబ్బాలు, లోపలి కార్డులు, వెనక రాతలు అన్నీ ఫోటో తీయండి. ఏ డబ్బాలోది ఆ డబ్బాలోనే ఉండాలి. 1957లో న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్‌లో జాజ్ పియానిస్టు థెలోనియస్ మంక్, శాక్సఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ కలిసి వాయించిన టేపు 2005లో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో దొరికిందంటే, డబ్బా మీద ఎవరో చేత్తో 'టి. మంక్' అని రాసిపెట్టడం వల్లే.

రీలును వెలుతురుకు అడ్డంగా పట్టి చూడండి. చుట్టలోంచి వెలుగు కనిపిస్తే అది ఎసిటేట్ అనే పాత రకం ప్లాస్టిక్ టేపు. వెనిగర్ వాసన వేస్తే క్షీణత మొదలైనట్టే. వెలుగు రాకపోతే పాలియెస్టర్ టేపు. 1970, 80ల నాటి పాలియెస్టర్ టేపుల్లో కొన్నింటి జిగురు తేమ పీల్చుకుంటుంది. ప్లే చేస్తే కీచుమంటూ హెడ్ మీద గోధుమరంగు మడ్డి వదులుతుంది. వెంటనే ఆపేయండి. ఇలాంటివాటిని సుమారు 50 డిగ్రీల దగ్గర గంటల తరబడి వేడిచేసి కాపీ తీస్తారు. ఆ పని ఇంటి ఓవెన్‌లో వద్దు, తెలిసిన స్టూడియోకే ఇవ్వండి. ఎసిటేట్ టేపును మాత్రం ఎవరూ వేడి చేయకూడదు.

క్యాసెట్లకైతే అసలు కీలకం హెడ్ (టేపు మీది శబ్దాన్ని చదివే భాగం) కోణం. రికార్డ్ చేసిన డెక్‌లో హెడ్ ఏ వంపులో ఉందో, మీ డెక్‌లోనూ అదే వంపులో ఉండాలి. లేకపోతే పైస్థాయి శబ్దాలు మూసుకుపోతాయి. హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. శబ్దాన్ని మోనోలో (కుడి, ఎడమ కలిపి) పెట్టి, డ్రమ్మర్ రైడ్ సింబల్ (తాళం కోసం పుల్లతో కొట్టే పెద్ద ఇత్తడి పళ్లెం) వాయించే చోటు వెతికి, స్క్రూను వెంట్రుకవాసి చొప్పున తిప్పండి. పుల్ల సింబల్‌ను తాకే 'టింగ్' ఎక్కడ స్పష్టంగా వినిపిస్తే అక్కడ ఆపండి. ప్రతి క్యాసెట్‌కూ మళ్లీ చూసుకోవాల్సిందే. డాల్బీ (టేపు హిస్‌ను, అంటే బుస శబ్దాన్ని తగ్గించే మీట) సంగతి దీని తర్వాతే, ఎందుకంటే కోణం తప్పితే పోయిన మెరుపును డాల్బీ ఇంకా తగ్గిస్తుంది.

కాపీ 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా తీయండి. 90 నిమిషాల క్యాసెట్‌కు 3 జీబీ పైచిలుకు అవుతుంది. అసలు కాపీలో హిస్ తీసేయొద్దు. బ్రష్‌లతో డ్రమ్ మీద రాసే చప్పుడు, శాక్సఫోన్ రీడ్ (ఊదే చోట ఉండే పలుచని బద్ద) మీద ఆయన ఊపిరి కూడా ఆ హిస్ ఉన్న స్థాయిలోనే ఉంటాయి, ముందు పోయేవి అవే. సభ కోసం శుభ్రం చేయాలనుకుంటే వేరే కాపీ మీద చేయండి.

ఆయన సోలోలు మాత్రమే ఉంచి మిగతాది కత్తిరించాలన్న ఆలోచన వద్దే వద్దు. 1947, 48లలో డీన్ బెనెడెట్టి అనే అభిమాని, ప్రఖ్యాత జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు చార్లీ పార్కర్‌ను రికార్డ్ చేస్తూ, పార్కర్ ఆపగానే చాలాసార్లు మిషన్ ఆపేసేవాడు. ఆ చోట్ల పక్కనున్నవాళ్లు ఏం వాయించారో ఇప్పుడు వినే దారి లేదు. పైగా ట్యూన్ల మధ్య మాటల్లోనే పేర్లు, ఊళ్లు దొరుకుతాయి.

శ్రుతి కూడా సరిచూడండి. బ్యాటరీ నీరసించిన రికార్డర్‌లో టేపు నెమ్మదిగా తిరుగుతుంది, కాబట్టి ఇప్పుడు వింటే పాట వేగంగా, హెచ్చు శ్రుతిలో వస్తుంది. 6 శాతం తేడా వస్తే ఒక అరస్వరం మారినట్టే. రికార్డింగ్‌లో వినిపించే క్లబ్ పియానోతో పోల్చుదామంటే, దాని శ్రుతిని నమ్మలేం. ఆంప్లిఫయర్ గుర్రుమనే శబ్దం ఆ దేశపు కరెంటును బట్టి 50 లేదా 60 హెర్ట్జ్ ఉండాలి, దాన్ని కొలిచి వేగం సరిచేయండి.

ఎవరెవరు వాయించారన్నది ఆయన తోటివాళ్లనే అడగండి, అదీ విడివిడిగా. ఒకరి జవాబు ఇంకొకరికి ముందే చెబితే అందరూ దానికే తలూపుతారు. ఎవరు ఏ పేరు చెప్పారో రాయండి, పొంతన లేకపోతే రెండూ ఉంచండి. వాళ్ల వయసు చూసుకుంటే టేపులకన్నా ముందు ఈ పనే చేయాలి.

నోట్ పుస్తకాలను రంగుల్లో స్కాన్ చేయండి. పెన్సిల్ దిద్దుబాట్లు నలుపు తెలుపులో కలిసిపోతాయి. సభలో ఆయన ట్యూన్ వాయిస్తే పియానిస్టుకు ఆ పేజీ నేరుగా ఇవ్వకండి. శాక్సఫోన్‌కు రాసే స్వరం పియానోలో వేరే స్వరం అవుతుంది. టెనర్ శాక్సఫోన్ కోసం రాసిన కార్డ్‌లను (కలిపి మోగించే స్వరాల గుంపులను) ఒక పూర్తి స్వరం దించాలి, ఆల్టో శాక్సఫోన్ కోసం రాసినవాటిని మూడు అరస్వరాలు పెంచాలి. ముందు టేపుతో పోల్చి చూడండి, కొందరు తమ పుస్తకంలోనూ పియానో శ్రుతిలోనే రాసుకుంటారు.

సభలో వినిపించడం వేరు, ఇంటర్నెట్‌లో పెట్టడం వేరు. ట్యూన్ల మీద హక్కు సాధారణంగా వారసులది, చాలా దేశాల్లో మరణానంతరం కనీసం 50 ఏళ్లు ఉంటుంది. టేపులో వినిపించే మిగతావాళ్ల అనుమతి కూడా కావాలి. పేర్లు అడగడానికి వెళ్లినప్పుడే ఆ సంతకాలూ తీసుకోండి.